మారుమాటకు దారి: నాగిరెడ్డిపేట ప్రాంతములో టెలివిజన్, సెల్‌ఫోన్, ఇంటర్నెట్ – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతము

మన గ్రామములలో వచ్చిన మార్పును గూర్చి ఎవరిని అడిగినను "సెల్లు వచ్చింది, లోకం మారింది" అనే జవాబు వస్తుంది. ఇందులో నిజము లేకపోలేదు. అయితే ఏమి మారినది, ఎవరికి మారినది, ఎంతవరకు మారినది అని విచారించినప్పుడే అది చరిత్ర అవుతుంది. ఈ వ్యాసములో మేము ఒక్క ప్రశ్నను మాత్రమే పట్టుకొని నడవదలచితిమి. కొత్త ప్రసార సాధనము వచ్చిన ప్రతిసారి, గ్రామములోని మనిషికి మారుమాట చెప్పుటకు దారి దొరికినదా?

ఈ ప్రశ్నకు కారణము ఉన్నది. నేడు సెల్‌ఫోన్, టెలివిజన్, ఇంటర్నెట్ మూడును కలిసిపోయి, "ఇంటరాక్టివ్ టి.వి." అనే పేరుతో మన ముందుకు వస్తున్నవి. ఇంటరాక్టివ్ అనగా చూచువాడు ఊరకే చూచుటతో ఆగక, తిరిగి స్పందించగల వ్యవస్థ అని అర్థము. ఆ స్పందన నిజముగా ఎవరి చెవిన పడుచున్నది అనేది మా విచారణ.

పరిశీలనకు నాగిరెడ్డిపేట ప్రాంతమును తీసికొనుచున్నాము. మెదక్‌కు ఎల్లారెడ్డికి నడుమనున్న ఈ మండలము 2016 అక్టోబరు 11 వరకు నిజామాబాదు జిల్లాలోను, ఆనాటి నుండి కామారెడ్డి జిల్లాలోను ఉన్నది. 1922లో పూర్తియైన పోచారం ప్రాజెక్టు ఇక్కడిదే. వరి పొలములు, తాండాలు, బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్ దేశములకు వెళ్ళిన మగవారు – ఇది ఈ ప్రాంతపు ముఖచిత్రము. పెద్ద నగరమేదియు దగ్గరలో లేని ఇటువంటి చోటనే సాంకేతిక విజ్ఞానపు వాగ్దానములను తూచి చూడవలెను.

2. జిల్లా హద్దు అవతల ఆగిన బొమ్మ

తెలుగు పల్లెలలో టెలివిజన్ చరిత్ర హైదరాబాదు కేంద్రముతో మొదలు కాలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారత ప్రభుత్వము "సైట్" అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమును నడిపినది. అమెరికాకు చెందిన ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహమును ఒక సంవత్సరము అరువు తెచ్చుకొని, 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములను పంపినారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాలలో మెదక్ ఒకటి. పాఠశాలలోనో పంచాయతీ కార్యాలయములోనో ఒక టి.వి., దాని ప్రక్కన ఇనుప జల్లెడవంటి పెద్ద గొడుగు ఆంటెన్నా. ఉదయము పిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణ గూర్చిన కార్యక్రమములు వచ్చేవి.

నిజామాబాదు జిల్లా ఈ ప్రయోగములో లేదు. కనుక మెదక్ జిల్లా పల్లెలకు ఆకాశము నుండి బొమ్మ దిగుతున్న ఆ సంవత్సరములో, హద్దుకు ఇవతలనున్న ఎల్లారెడ్డి తాలూకాకు అది అందలేదు. అయితే అవతలి గ్రామములకు అందినది కూడ సగమే. బొమ్మ వచ్చినది, మాట వచ్చినది. తిరిగి అడుగుటకు దారి మాత్రము లేదు. ఎరువు ఎంత వేయవలెనో టి.వి. చెప్పినది. "మా నేలకు ఇది సరిపడునా?" అని రైతు అడిగితే వినువారు లేరు. ప్రయోగమును పరిశీలించుటకు సామాజిక శాస్త్రజ్ఞులు గ్రామములలో ఉండి ప్రజల అభిప్రాయములను సేకరించిన మాట వాస్తవము. అది పరిశోధకుల లెక్క అయినది, ప్రేక్షకుని హక్కు కాలేదు. గడువు తీరిన పిమ్మట ఉపగ్రహము తన దారిన పోయినది.

ఆ తరువాత 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1982లో రంగుల ప్రసారము, 1993లో దూరదర్శన్ తెలుగు ఉపగ్రహ ఛానెల్ వచ్చినవి. 1987, 1988లలో ఆదివారము ఉదయము రామాయణము ధారావాహిక వచ్చు సమయమునకు ఊరిలో టి.వి. ఉన్న నాలుగైదు ఇండ్ల ముందు ఊరంతా చేరేది. ఆ కాలపు ప్రేక్షకులు మారుమాట చెప్పుటకు ఉన్న ఒకే ఒక్క మార్గము పోస్టు కార్డు. దూరదర్శన్‌కు, ఆకాశవాణికి శ్రోతలు వ్రాసిన ఉత్తరములను చదివి జవాబు చెప్పే కార్యక్రమములు అందుకే అంత ప్రీతికరమైనవి. తన పేరు, తన ఊరి పేరు రేడియోలో వినబడుట ఆనాటి పల్లె మనిషికి చిన్న విషయము కాదు.

3. 1995: ఒకే సంవత్సరములో నాలుగు మలుపులు

చరిత్ర విద్యార్థులు 1995వ సంవత్సరమును ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెనని మా అభిప్రాయము. ఆ సంవత్సరము ఫిబ్రవరి 9న సుప్రీం కోర్టు, బెంగాల్ క్రికెట్ సంఘము వ్యాజ్యములో, ప్రసార తరంగములు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినది. ఆ ధర్మాసనములో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో లోగడ న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడ ఉన్నారు. జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో దేశములోని మొదటి సెల్‌ఫోన్ సంభాషణ జరిపినారు. ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను తెరచినది. ఆగస్టు 27న ఈటీవీ ప్రసారములు మొదలైనవి.

తరంగములపై ప్రజల హక్కు, చేతిలో ఫోను, ఇంటర్నెట్, ప్రైవేటు తెలుగు టెలివిజన్ – నేడు ఒక్క చిన్న తెరమీద కలిసిన ఈ నాలుగు పాయలు పుట్టినది ఆ ఏడు నెలలలోనే. వీటిలో మూడింటికి పెట్టుబడి దొరికినది, కనుక అవి వేగముగా పెరిగినవి. మొదటిదైన ప్రజల హక్కు మాత్రము చాలకాలము తీర్పు కాగితములలోనే ఉండిపోయినది.

4. మిస్డ్ కాల్: పేదవాని ఆవిష్కరణ

తొలి దినములలో సెల్‌ఫోన్ ధనవంతుల వస్తువు. నిమిషమునకు 16 రూపాయల వరకు ఛార్జీ ఉండేది. వచ్చిన కాల్‌కు కూడ డబ్బు కట్టవలసి వచ్చేది. ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతములలో అప్పటికి ఎస్.టి.డి. బూతులదే రాజ్యము. 2002 అక్టోబరులో బి.ఎస్.ఎన్.ఎల్. సెల్ సేవలు, అదే సంవత్సరము చివర రిలయన్స్ సేవలు మొదలైనవి. 2003 మే నెల నుండి ఇన్‌కమింగ్ ఉచితమైనది. పల్లెలకు సంబంధించినంతవరకు సెల్‌ఫోన్ చరిత్ర ఈ నిర్ణయముతోనే మొదలైనదని చెప్పవచ్చును.

ఇన్‌కమింగ్ ఉచితము కాగానే సామాన్య జనము తమ సొంత భాషను కల్పించుకొన్నారు. అదే మిస్డ్ కాల్. ఒక్కసారి మ్రోగి ఆగితే బస్సు దిగినట్లు. రెండుసార్లు మ్రోగితే పొలము కాడికి అన్నము పంపుమన్నట్లు. ఇంట్లో ముందుగా చేసికొన్న ఒప్పందమును బట్టి అర్థము మారుతుంది. పైసా ఖర్చు లేదు, అక్షర జ్ఞానముతో పని లేదు. ఏ కంపెనీయు దీనిని నేర్పలేదు. తరువాత కంపెనీలు దీనిని అందిపుచ్చుకొన్నవి. 2017లో తెలుగు బిగ్ బాస్ మొదలైనప్పుడు ప్రేక్షకులు మిస్డ్ కాల్ ద్వారాను, ఇంటర్నెట్ ద్వారాను ఓటు వేసినారు. అన్నము పంపుమని పేదవాడు చేసిన సైగ ఆ విధముగా టెలివిజన్ వ్యాపారములో భాగమైనది.

గల్ఫ్ కుటుంబముల విషయము కూడ ఇక్కడ చెప్పవలెను. దుబాయి, మస్కట్, సౌదీలకు వలస వెళ్ళుట నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెలలో దశాబ్దముల నాటి సంగతి. మొదట ఉత్తరములు, తరువాత ఊరికి వచ్చువారి చేత పంపే ఆడియో క్యాసెట్లు, ఆ పిమ్మట ఎస్.టి.డి. బూతులో గడియారము చూచుకొంటూ మాటలు. ఇంటర్నెట్ చవుక అయిన తరువాత ఐఎంఓ, వాట్సాప్‌ల మీద ముఖములు చూచుకొనుట సాధ్యమైనది. తాను లేనప్పుడు పుట్టిన బిడ్డ నడుచుటను తండ్రి అక్కడి గదిలో నుండి చూచినాడు. అయినను ఈ దారి మనవారి చేతిలో లేదు. సౌదీ అరేబియా 2017 వరకు ఇంటర్నెట్ కాల్‌లను నిషేధించినది, యు.ఎ.ఇ.లో అనుమతి పొందిన కొన్ని యాప్‌లకే అవకాశము ఇచ్చినారు. కార్మికుడు తన భార్యతో మాటలాడుటకు ఒక ప్రభుత్వము అనుమతించవలసి వచ్చినది.

5. ప్రశ్న అడుగగల టెలివిజన్

ఇంటరాక్టివ్ టి.వి. అనేది ఇంటర్నెట్‌తో వచ్చిన కొత్త ఆలోచన అని అనుకొనరాదు. 2000 దశకములో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "మన టి.వి." పేరుతో ఉపగ్రహ విద్యా ప్రసారములను నడిపినది. హైదరాబాదు స్టూడియోలో ఉపాధ్యాయుడు పాఠము చెప్పును, పల్లె కళాశాలలోని విద్యార్థి ఫోనులో ప్రశ్న అడుగును, జవాబు అందరికి వినబడును. బొమ్మ ఒకవైపే, మాట ఇరువైపుల. 2004 సెప్టెంబరు 20న ఇస్రో ప్రయోగించిన ఎడ్యుశాట్ విద్య కొరకే ఉద్దేశింపబడిన ఉపగ్రహము. తెలంగాణ ఏర్పడిన తరువాత 2017లో ఈ సేవ టి-శాట్‌గా రూపొందినది.

దీనికి అసలైన పరీక్ష కరోనా కాలములో వచ్చినది. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళ ద్వారా పాఠములు చెప్పినారు. టి.వి.లో పాఠము, వాట్సాప్‌లో వర్క్‌షీట్, ఫోనులోనో ఇంటికి వచ్చియో ఉపాధ్యాయుని పలకరింపు – ఈ మూడు కలిసిన చోట పిల్లవాడు చదువులో నిలిచినాడు. కేవలము టి.వి. ముందు కూర్చుండబెట్టిన చోట నిలువలేదు. ఇంట్లో ఒక్కటే ఫోను, అది తండ్రితో పొలమునకో పనికో వెళ్ళిపోవును. అన్న చదివిన తరువాతనే చెల్లెలి వంతు. పిల్లవాని ప్రశ్న ఉపగ్రహము ద్వారా కాక, గడప వద్దకు వచ్చిన పంతులుగారి ద్వారానే తీరినది. సాంకేతిక చరిత్ర వ్రాయువారు ఈ పంతుళ్ళను మరువరాదు.

6. ఇంటర్నెట్ టెలివిజన్ పనిచేయు విధము

కేబుల్‌కు, డిష్‌కు, ఇంటర్నెట్ టి.వి.కి గల భేదమును స్పష్టముగా తెలిసికొనవలెను. డిష్ పద్ధతిలో ఛానెళ్ళన్నియు అందరి మీదను వానవలె కురియును. ఎవరు ఏ పాత్ర పట్టినారో మేఘమునకు తెలియదు. ఇంటర్నెట్ పద్ధతిలో మనము అడిగినది మాత్రమే మన కొరకు ప్రత్యేకముగా వచ్చును. రిమోట్ నొక్కిన ప్రతిసారి ఒక విన్నపము సర్వరుకు చేరును. ఎంతసేపు చూచితిమి, ఎక్కడ ఆపితిమి, ఏది దాటవేసితిమి అనేవి అక్కడ నమోదగును. కనుక ఇంటర్నెట్ టి.వి.లో తిరుగుదారి దాని నిర్మాణములోనే ఉన్నది. మనము టి.వి.ని చూచుచున్నంతసేపు టి.వి. కూడ మనలను గమనించుచున్నది. పౌరుల డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టము చేయవలసి వచ్చుటకు గల కారణములలో ఇట్టి నమోదు ఒకటి.

ఈ మార్పు మన రాష్ట్రములలో వచ్చిన క్రమము ఇది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై కొన్ని నెలలపాటు డేటా ఉచితమగుటతో, అంతకు ముందు ఒక జి.బి.కి రెండు వందల రూపాయలకు పైగా చెల్లించిన దేశములో వీడియో సామాన్యుని వినోదమైనది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినారు. కరెంటు స్తంభముల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టి.వి., టెలిఫోన్ మూడును ఒకే పెట్టె ద్వారా ఇచ్చుట దాని పథకము. 2020 ఉగాది నాడు పూర్తిగా తెలుగు కార్యక్రమముల కొరకు ఆహా ప్రారంభమైనది. 2023 ఐ.పి.ఎల్. అంతిమ పోటీని జియో సినిమాలో ఒకే సమయమున 3 కోట్ల 20 లక్షల మంది చూచినారు. వ్యాఖ్యాన భాషను, కెమెరా కోణమును ప్రేక్షకుడే ఎంచుకొనగలిగినాడు. తెలంగాణలో 2024 డిసెంబరులో టి-ఫైబర్ కొన్ని గ్రామములలో ప్రయోగాత్మకముగా మొదలై, ఇంటి టి.వి.నే కంప్యూటర్‌గా వాడుకొను సౌకర్యమును చూపినది.

ఈ స్పందనలన్నియు ఒక్కటే కావు. వీటిని మూడు మెట్లుగా విభజించవచ్చును. మొదటిది ఎంపిక: ఏది చూడవలెనో నేను నిర్ణయించుకొందును. రెండవది లెక్క: నా ఓటు, నా లైకు, నేను చూచిన నిమిషములు కూడికలో చేరును. మూడవది మాట: నేను చెప్పినది ఒకరు విని, నాకు జవాబు చెప్పుదురు. నేటి ఇంటర్నెట్ టెలివిజన్ మొదటి రెండు మెట్లను అద్భుతముగా నిర్మించినది. మూడవ మెట్టును గూర్చి మాటలే ఎక్కువ. ఐదు వేల వ్యాఖ్యల క్రింద తన వ్యాఖ్యను వ్రాసిన పల్లె యువకునికి జవాబు రాదు. నలభై ఏండ్ల క్రిందట పోస్టు కార్డు వ్రాసినవానికి కొన్నిసార్లయినను వచ్చేది.

7. గ్రామమే మాటలాడినప్పుడు

మూడవ మెట్టు అసాధ్యము కాదు. నాగిరెడ్డిపేటకు మరీ దూరము కాని జహీరాబాదు ప్రాంతములో, మాచునూరు గ్రామమున, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైనది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యములో దళిత స్త్రీలే నడిపిన ఈ కేంద్రము దేశములో ఇటువంటివాటిలో మొదటిది. జొన్నలు, కొర్రలు, విత్తనములు, పండుగలు, పశువుల జబ్బులు – వారి బ్రతుకే కార్యక్రమము, వారి యాసయే భాష. 1995 నాటి తీర్పులోని ప్రజల హక్కు పదమూడు సంవత్సరములకు ఒక మెతుకు సీమ పల్లెలో గొంతు విప్పినది. అక్కడ సాంకేతిక పరికరములు స్వల్పము. స్టూడియోలో కూర్చున్న స్త్రీ, పొలములో వింటున్న స్త్రీ ఒకరికొకరు తెలిసినవారగుటయే దాని బలము.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో ఇంటర్నెట్ టెలివిజన్‌కు చెందిన ఉదాహరణ. ఊరి యువకులు ఊరిలోనే తీసిన హాస్య వీడియోలలో, బడి చదువు లేని వ్యవసాయ కూలీ గంగవ్వ నటించి రెండు తెలుగు రాష్ట్రములకు పరిచితురాలైనది. 2020లో బిగ్ బాస్ ఇంటికి వెళ్ళినది. ఒకప్పుడు సినిమాలో హాస్యమునకు మాత్రమే వాడబడిన తెలంగాణ పల్లె యాసను ఆమె సహజముగా, గౌరవముగా మాటలాడినది. అయితే ఒక గంగవ్వ వెలుగులోనికి వచ్చుట చూచి, పల్లెలన్నిటికి గొంతు వచ్చినదని అనుకొనరాదు. ఏ వీడియో పదిమందికి చేరవలెనో నిర్ణయించునది ఊరు కాదు, వేదిక యజమాని నడుపు లెక్కల యంత్రము.

8. 2025 ఆగస్టు వరదలు

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కనీవినీ ఎరుగని వర్షము కురిసినది. పోచారం ప్రాజెక్టుకు దాని నిర్మాణ సామర్థ్యమును మించిన వరద వచ్చి, నూరేండ్లు దాటిన కట్ట నిలుచునా లేదా అని దిగువ గ్రామములవారు భయముతో గడిపినారు. రోడ్లు తెగినవి, పొలములలో ఇసుక మేటలు వేసినవి.

ఆ దినములలో కట్టపై నుండి పొర్లుచున్న నీటి వీడియోలు క్షణములలో దేశదేశములకు వెళ్ళినవి. దుబాయిలో ఉన్న కొడుకు తన ఊరి వాగును, ప్రక్క వీధిలోని తల్లి కంటే ముందే చూడగలిగిన కాలమిది. ప్రమాద సూచనను ఒకేసారి అందరి ఫోనులలో మ్రోగించు విధానమును ప్రభుత్వము 2023లో దేశమంతట పరీక్షించి యున్నది. అనగా పైనుండి క్రిందికి మాట దిగుటకు నేడు కొదువ లేదు. క్రింది నుండి పైకి "మా ఇంటిలో ముసలి తల్లి మంచము మీద ఉన్నది, లేపుటకు మనిషి కావలెను" అనే మాట వెళ్ళుటకు ఎవరో ఒకరు ఫోను ఎత్తవలెను. కరెంటు పోయి, టవరు ఆగి, ఛార్జింగ్ అయిపోయిన వేళ తలుపు తట్టిన పొరుగువాడే సమాచార వ్యవస్థ. కట్ట తెగినదనే పుకారునకు, నిజమైన హెచ్చరికకు భేదము తెలిసికొనుటకు కూడ నమ్మదగిన ఒక మనిషి గొంతు కావలసి వచ్చును.

9. ముగింపు: కాపరులకు, వేదాంత విద్యార్థులకు

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో ఆలయములు మూయబడినప్పుడు, చిన్న గ్రామ సంఘములు సైతము యూట్యూబ్, వాట్సాప్‌ల మీదికి వెళ్ళినవి. ఎంతమంది చూచినారు అనే సంఖ్య క్రింద కనబడుచుండెను. ఎవరు ఏడ్చుచున్నారు అనేది కనబడలేదు. పైన చెప్పిన మూడు మెట్లలో రెండవ మెట్టు వద్ద ఆగుట ఎంత సులభమో సంఘములకు అప్పుడు తెలిసినది.

కొత్త నిబంధన విద్యార్థులకు తెలిసిన సంగతి ఒకటి జ్ఞాపకము చేయుదుము. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయమును పౌలు ఆ సంఘమువారు తనకు వ్రాసిన సంగతులకు జవాబుగా ఆరంభించినాడు. వారు వ్రాసిన ఉత్తరము మనకు దొరకలేదు. అయినను వారి ప్రశ్నలు లేనియెడల ఆ జవాబులు లేవు. దూరమున ఉన్నవాడు కూడ వినగలడని, విని జవాబు చెప్పగలడని ఆ పత్రిక సాక్ష్యము. కాగితము, ఓడ, కాలినడక – ఆనాటి సాధనములు ఇవే.

కనుక మా సూచనలు మూడు. ఆరాధనను ప్రసారము చేయు సంఘము, ప్రసారము ముగిసిన తరువాత ఫోను ఎత్తి మాటలాడుటకు ఒక మనిషిని, ఒక సమయమును ఏర్పాటు చేయవలెను. బీడీ చుట్టే స్త్రీ, తాండా ముసలివాడు, ఇంట్లో ఫోను తన చేతికి రాని కోడలు ఆ ఏర్పాటులో మొదట లెక్కకు రావలెను. రెండవది, విద్యార్థులు తమ ఊరిలో మొదటి టి.వి.ని, మొదటి సెల్‌ఫోన్‌ను చూచిన పెద్దల జ్ఞాపకములను ఇప్పుడే వ్రాసి భద్రపరచవలెను. ఆ తరము ఎంతోకాలము ఉండదు. మూడవది, వర్షాకాలమునకు ముందే ప్రతి గ్రామములో ఎవరి తలుపు ఎవరు తట్టవలెనో కాగితము మీద వ్రాసి ఉంచుకొనవలెను. కట్ట దిగువన ఉన్న ఊళ్ళలో ఈ కాగితమునకు ఛార్జింగ్ అవసరము లేదు.